లెన్సు పెట్టుకునే కన్ను ఎర్రబడితే: నెల్లూరు, ప్రకాశం వాళ్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఒక కళ్లద్దాల షాపులో పవర్ చూసి, కాంటాక్ట్ లెన్సులు పెట్టుకోవడం, తీసుకోవడం నేర్పించే పని నాది. ఆప్టోమెట్రిస్టుని, డాక్టర్ని కాదు. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, వాట్సాప్‌లో ఎర్రటి కన్ను ఫొటో పెట్టి "అన్నా, ఏం చుక్కలు వేసుకోవాలి" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ముగ్గురన్నా ఉంటారు. ఫొటో చూసి నేను చెప్పలేను. కానీ అడిగే ప్రశ్నలు మాత్రం గూడూరు నుంచి ఒంగోలు దాకా ఇంచుమించు అవే కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వీటన్నిట్లో నేను భయపడేది లెన్సు వల్ల నల్లగుడ్డు మీద పడే పుండు. ఆ జబ్బు నాకూ ఒకసారి వచ్చింది, ఆ సంగతి మధ్యలో వస్తుంది.

లెన్సు పెట్టుకునే కన్ను ఎర్రబడింది. మామూలు కండ్లకలకేనా?

కావచ్చు. కానీ లెన్సు వాడేవాళ్లకి, వాడనివాళ్లకి లెక్క ఒకటి కాదు. వాడనివాళ్లు ముందు కండ్లకలక అనుకుంటే పెద్ద తప్పేం లేదు. వాడేవాళ్లు మాత్రం ముందు నల్లగుడ్డు మీద పుండేమో అనుకోవాలి, కాదని డాక్టర్ చెప్పాక ఊపిరి పీల్చుకోవాలి.

కండ్లకలకలో దురద, మంట, పుసులు, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోవడం ఉంటాయి. ఒక కంట్లో మొదలై రెండో దానికి పాకుతుంది, చాలాసార్లు ఇంట్లో ఇంకొకరికి కూడా ఉంటుంది. పుసి తుడుచుకుంటే చూపు బాగానే ఉంటుంది. పుండు ఎక్కువగా ఒక్క కంట్లోనే వస్తుంది. నొప్పి గట్టిగా ఉంటుంది, కిటికీ తలుపు తీసినా చాలు వెలుతురు ఓర్చుకోలేక నీళ్లు ధారగా కారతాయి, చూపు మసకబారుతుంది. అద్దంలో నల్లగుడ్డు మీద ఆవగింజంత తెల్లమచ్చ కనపడితే ఇక ఆలోచించేదేం లేదు, బండి తీయడమే. మచ్చ లేదు కదా అని ధీమాగా కూర్చోవడం కూడా తప్పే, మొదట్లో అది డాక్టర్ దగ్గర స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చేసి చూపే పరికరం) కింద తప్ప కనపడకపోవచ్చు.

నేను అందరికీ చెప్పే కొండగుర్తు ఒకటుంది. లెన్సు తీసేశాక గంట, రెండు గంటల్లో కంటికి హాయిగా అనిపించడం మొదలవ్వాలి. అలా కాకుండా తీసేశాక కూడా నొప్పి అలాగే ఉన్నా, పెరుగుతున్నా ఆ రోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆదివారమైతే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికైనా సరే. సోమవారం దాకా ఆగితే ఏమవుతుంది అంటారా? లెన్సు వాడేవాళ్లలో ఎక్కువగా కనిపించే సూడోమోనాస్ అనే బాక్టీరియాకి ఒకటి రెండు రోజులు చాలు, నల్లగుడ్డుని కరిగించుకుంటూ పోతుంది.

మెడికల్ షాపులో చుక్కలు తెచ్చుకుని రెండు రోజులు చూసి, తగ్గకపోతే అప్పుడు వెళ్లొచ్చు కదా?

ఇక్కడే నా కథ చెప్పాలి. చదువు అయిపోయి ఉద్యోగంలో చేరిన కొత్తలో సికింద్రాబాద్ నుంచి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో వస్తున్నా. పై బెర్తు, లెన్సుల డబ్బా ఎక్కడో బ్యాగు అడుగున ఉంది, ఎవరు దిగి తీస్తారులే అని లెన్సులతోనే పడుకున్నా. నెల్లూరు వచ్చేసరికి కుడి కన్ను గరగరలాడుతోంది. లెన్సు తీసి, రైలు బేసిన్ దగ్గర కుళాయి నీళ్లతో కడిగి, మళ్లీ అదే లెన్సు పెట్టుకున్నా. నవ్వుకోండి, పర్లేదు. ఇంకొకరికి చేయొద్దని చెప్పే పనులన్నీ ఒక్క పూటలో నేనే చేశా.

సాయంత్రానికి కన్ను ఎర్రగా అయింది. మెడికల్ షాపు కుర్రాడు "ఇది వేసెయ్యన్నా, పొద్దుటికల్లా తగ్గుద్ది" అని ఒక సీసా ఇచ్చాడు. నిజంగానే తగ్గింది. మర్నాడు ఎరుపు లేదు, నొప్పి కూడా తక్కువే, హాయిగా పనికి వెళ్లా. మూడో రోజు పొద్దున కన్ను తెరవలేకపోయా. అప్పుడు తీరిగ్గా ఆ అట్టపెట్టె చదివితే ఆంటిబయాటిక్‌తో పాటు డెక్సామెథసోన్ ఉంది. అది స్టెరాయిడ్.

స్టెరాయిడ్ చేసే పనేంటంటే ఎరుపునీ, వాపునీ, నొప్పినీ తగ్గించడం. కానీ ఆ ఎరుపు, ఆ వాపు సూక్ష్మజీవి మీద మన ఒళ్లు చేసే గొడవ. ఇంట్లో దొంగ పడ్డాడని కుక్క మొరుగుతుంటే, నిద్ర చెడుతోందని కుక్క మూతి కట్టేసినట్టు అన్నమాట. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, దొంగ పని దొంగ చేసుకుంటాడు. పుండు బూజు వల్ల వచ్చిందైతే స్టెరాయిడ్ దానికి ఎరువు వేసినట్టే. అవే చుక్కలు నెలల తరబడి వేసుకుంటే కంట్లో ప్రెషర్ పెరిగి నీటికాసులు (గ్లకోమా) రావొచ్చు, శుక్లం కూడా త్వరగా రావొచ్చు.

అందుకని ఎవరు ఏ చుక్కలు ఇచ్చినా పెట్టె మీద పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఫ్లోరోమెథలోన్, లోటెప్రెడ్నాల్, ఇవన్నీ స్టెరాయిడ్లే. ఇవి డాక్టర్ చీటీ మీద అమ్మాల్సినవి. కొన్ని కంటి జబ్బులకి ఇవే ప్రాణం, పుండు మానే దశలో డాక్టరే తూకం చూసి ఇవ్వొచ్చు కూడా, అది వేరే సంగతి. మనంతట మనం వేసుకోకూడదు.

ఇంకో రకం చుక్కలున్నాయి, తిమ్మిరి చుక్కలు. చీమకుర్తి వైపు గ్రానైట్ పనివాళ్లు, వెల్డింగ్ చేసేవాళ్లు కంట్లో నలుసు పడితే ఇవి తెప్పించుకుని వేసుకుంటుంటారు. క్షణంలో నొప్పి పోతుంది, అదే దాని ప్రమాదం. మాటిమాటికీ వేసుకుంటే నల్లగుడ్డు పైపొర మానడం ఆగిపోతుంది. లెన్సు నొప్పికి దాన్ని అసలు ముట్టుకోవద్దు.

అసలు లెన్సు వల్ల పుండు ఎందుకొస్తుంది?

మనం నల్లగుడ్డు అంటాం గానీ నిజానికి దాని ముందు గడియారం అద్దంలా ఒక పారదర్శకమైన పొర ఉంటుంది, అదే కార్నియా. నడిమధ్యలో సుమారు అర మిల్లీమీటరు మందం, అంతే. దాంట్లో రక్తనాళాలు ఉండవు, ఉంటే మనకి చూపు స్పష్టంగా ఉండదు. మరి దానికి ఆక్సిజన్ ఎలా? కన్నీళ్లలో కరిగిన గాలి నుంచి తీసుకుంటుంది. దాని మీద లెన్సు పెడితే ఆ గాలి కొంత తగ్గుతుంది. పైగా రెప్ప కొట్టినప్పుడల్లా కన్నీళ్లు కంటిని కడుగుతూ ఉంటాయి కదా, లెన్సు కింద ఆ కడగడం కూడా తగ్గుతుంది. పైపొర బలహీనపడుతుంది, సన్నటి గీతలు పడతాయి, లెన్సుకి అంటుకున్న క్రిమి అక్కడే గంటల తరబడి ఉంటుంది. లెన్సు వేళ్ల మురికినో, డబ్బా మురికినో మోసుకొస్తే ఇక చెప్పేదేముంది.

"రాత్రి కూడా పెట్టుకోవచ్చు" అని రాసిన లెన్సులు ఉన్నాయి కదా, వాటితో పడుకోవచ్చా?

నన్నడిగితే వద్దు. 1989లో అమెరికాలో, 2008లో ఆస్ట్రేలియాలో వెలువడిన అధ్యయనాల్లో మెత్తటి లెన్సులు పగలు మాత్రమే పెట్టుకునేవాళ్లలో ఏడాదికి 10,000 మందికి సుమారు 2 నుంచి 4 మందికి ఇలాంటి పుండు వచ్చింది. పెట్టుకుని పడుకునేవాళ్లలో అది సుమారు 20 నుంచి 25 దాకా ఉంది. 1999లో ఆక్సిజన్ బాగా పోనిచ్చే సిలికాన్ హైడ్రోజెల్ లెన్సులు మార్కెట్లోకి వచ్చినప్పుడు ఇక ఈ బెడద తీరిపోతుందని అందరూ అనుకున్నారు. తీరలేదు. ఆస్ట్రేలియా లెక్కల్లో కొత్త లెన్సులతో పడుకున్నవాళ్లకీ పాతవాళ్లలాగే వచ్చింది. అంటే గాలి ఒక్కటే కారణం కాదు, రెప్ప మూసుకుని ఎనిమిది గంటలు కదలకుండా ఉండటమే ఒక సమస్య.

మన దగ్గర రాత్రి పడక కంటే రాత్రి ప్రయాణాలే ఎక్కువ కొంపముంచుతాయి. హైదరాబాద్, బెంగళూరు బస్సులు ఎక్కే పిల్లలందరూ ఇంతే, లెన్సులతో ఎక్కి లెన్సులతోనే దిగుతారు. బస్సు ఎక్కే ముందే ఇంట్లో తీసేసి కళ్లద్దాలు పెట్టుకోండి. కళ్లద్దాలే లేవు, లెన్సులే ఉన్నాయి అనేవాళ్లు చాలామంది తగులుతారు నాకు. కళ్లద్దాలు లేకుండా లెన్సులు కొనడం స్టెప్నీ లేకుండా కారు కొనడం లాంటిది, కన్ను నొప్పి పుట్టినా లెన్సు తీయలేక అలాగే తిరుగుతుంటారు.

మధ్యాహ్నం కునుకు కూడా లెక్కలోకే వస్తుంది.

మేం మినరల్ వాటర్ వాడతాం, మంచి నీళ్లే. లెన్సు వాటితో కడగొచ్చా?

వద్దు. మినరల్ వాటర్ వద్దు, ఆర్వో నీళ్లు వద్దు, కాచి చల్లార్చినవి కూడా వద్దు. కనిగిరి, పొదిలి వైపు నుంచి వచ్చేవాళ్లు ఈ మాట ఒప్పుకోరు. ఫ్లోరైడ్‌కి భయపడి తాగే నీళ్లు ఏళ్లుగా క్యాన్లలో కొనుక్కుంటున్నారు, "ఇంత డబ్బు పోసి కొన్న నీళ్లు కంటికి పనికిరావా" అంటారు. తాగడానికి పనికొచ్చే నీళ్లు వేరు, క్రిమి అనేదే లేని నీళ్లు వేరు. పొట్టలో ఆమ్లం ఉంది, లోపలికి పోయినదాన్ని అది చూసుకుంటుంది. కంట్లో అదేం లేదు.

అసలు భయం అకాంతమీబా అనే ఒంటికణపు జీవి గురించి. మట్టిలో, బావుల్లో, కుళాయి నీళ్లలో, ఈతకొలనుల్లో, అన్నిచోట్లా ఉంటుంది. పరిస్థితి బాగోకపోతే చుట్టూ గట్టి గుల్ల కట్టుకుని నిద్రపోతుంది. నీళ్లలో కలిపే క్లోరిన్ ఆ గుల్లని ఏమీ చేయలేదు. ఇంగ్లండ్‌లో ఈ అమీబా వల్ల కంట్లో పుండ్లు ఎక్కువగా ఎందుకు వస్తున్నాయని చూస్తే, ఇళ్లలో నీళ్లు నిలవ ఉంచే ట్యాంకులు ఒక కారణమని తేలింది. ఇక మన సంగతి చెప్పాలా? ప్రతి మిద్దె మీదా ఒక నల్ల ట్యాంకు, దాన్ని కడిగి ఎన్నాళ్లయిందో ఇంటాయన్ని అడిగితే ఆయన ఇంటావిడ వైపు చూస్తాడు.

మెత్తటి లెన్సు స్పాంజి లాంటిది, చాలా రకాల్లో మూడో వంతుకి పైగా నీళ్లే. కుళాయి నీళ్లు తగిలితే ఉబ్బి కంటికి అతుక్కుంటుంది, నీళ్లలో ఉన్నదాన్ని పట్టుకుని కంటి మీదే కూర్చోబెడుతుంది. అందుకే స్నానం, మొహం కడగడం, ఈత అన్నీ లెన్సు తీసేశాకే. మైపాడు బీచికి, కొత్తపట్నానికి వెళ్లి అలల్లో మునిగేవాళ్లు లెన్సులు ఇంట్లోనో కార్లోనో వదలండి. రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి రొట్టె పట్టుకునేటప్పుడు కూడా అంతే, లక్షల మంది దిగే నీళ్లవి. నమ్మకం మీది, దాన్ని నేనేం అనను, ఆ గంటసేపు కళ్లద్దాలు పెట్టుకోండి, అంతే. పొరపాటున నీళ్లు పడ్డాయా, వెంటనే లెన్సు తీసేయండి. ఒక్కరోజు వాడి పారేసే రోజువారీదైతే పారేయండి, నెల వాడేదైతే లెన్సుల ద్రావణంతో (సొల్యూషన్) రుద్ది రాత్రంతా నానబెట్టాకే మళ్లీ పెట్టుకోండి.

ఇంకోటి, అందరూ మరిచిపోయేది: చేతులు సబ్బుతో కడిగాక తుడుచుకోవాలి. తడి చేత్తో లెన్సు పట్టుకుంటే ఇప్పటిదాకా చెప్పిందంతా వృథా.

అమీబా పుండు అంత ప్రమాదమా?

అరుదే, కానీ వస్తే నెలల తరబడి వదలదు. మొదట్లో చూడటానికి పెద్దగా ఏమీ కనపడదు, మనిషి మాత్రం నొప్పితో మెలికలు తిరిగిపోతుంటాడు. కంటికి కనపడేదానికీ పడే బాధకీ పొంతన లేకపోతే డాక్టర్లు దీన్ని అనుమానిస్తారు. హెర్పిస్ వైరస్ వల్ల వచ్చిన పుండు అనుకుని పొరబడటం కూడా మామూలే. తర్వాత తర్వాత నల్లగుడ్డు మీద ఉంగరంలా తెల్లటి వలయం కనపడొచ్చు. మందు పి.హెచ్.ఎం.బి. 0.02 శాతం, క్లోర్‌హెక్సిడిన్ లాంటి చుక్కలు, మొదట్లో గంటగంటకీ, ఆ తర్వాత నెలల పాటు. అందుకే డాక్టర్ దగ్గర "నేను లెన్సు పెట్టుకుంటాను, నీళ్లు తగిలాయి" అనే మాట దాచొద్దు. అమ్మ తిడుతుందని దాచిన అమ్మాయిలు నాకు తెలుసు.

నిజానికి మన దేశంలో అమీబా పుండు వచ్చినవాళ్లలో ఎక్కువమంది లెన్సు వాడనివాళ్లే. పొలంలో మట్టి పడి, మురికి నీళ్లు పడి వచ్చినవాళ్లు.

మరి బూజు అంటున్నారు, అదేంటి?

ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ లాంటి శిలీంధ్రాలు. దక్షిణ భారతంలో కంటి పుండ్లలో వీటి వాటా చాలా ఎక్కువ, వరి ఆకు కోసుకునో, కోతల్లో ధాన్యం గింజ ఎగిరి కొట్టుకునో వస్తాయి. కోవూరు, ఇందుకూరుపేట వైపు కోతల కాలంలో ప్రతి కంటి డాక్టరూ వీటిని చూస్తుంటారు. మెల్లగా పెరుగుతుంది, అంచులు ఈకల్లా ఉంటాయి. మందు నాటమైసిన్ 5 శాతం. కొత్తది, ఖరీదైనది అయిన వోరికొనజోల్ కంటే పాత నాటమైసినే మెరుగని అరవింద్ కంటి ఆసుపత్రుల్లో జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో తేలింది.

లెన్సు వాడేవాళ్లకి దీనితో సంబంధం లేదనుకోకండి. 2006లో సింగపూర్, హాంకాంగ్, అమెరికాల్లో లెన్సు వాడేవాళ్లకి వరసపెట్టి ఫ్యుజేరియం పుండ్లు వచ్చాయి. వెతికితే బాష్ అండ్ లాంబ్ వారి 'రెన్యూ విత్ మాయిశ్చర్‌లాక్' అనే ద్రావణంతో ముడి కనపడింది. ఆ మే నెలలో కంపెనీ దాన్ని ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇప్పుడు రెన్యూ పేరుతో అమ్మేవి వేరే ఫార్ములాలు, కంగారుపడొద్దు. అప్పట్లో జబ్బు పడ్డవాళ్లలో చాలామంది పాత ద్రావణం పారబోయకుండా దాని మీదే కొత్తది పోసుకున్నారు, ఆ అలవాటు మన దగ్గర ఇంటింటా ఉంది.

ద్రావణం సీసా ఖరీదు. మిగిలిన దానిలోనే కాస్త కలుపుకుంటే ఏం?

పులిసిన మజ్జిగలో తాజా పాలు పోస్తే ఏమవుతుందో అదే. రాత్రంతా క్రిముల్ని చంపి ఆ ద్రావణం సత్తువ అయిపోయి ఉంటుంది. పొద్దున లెన్సులు తీశాక డబ్బాలోది మొత్తం పారబోయాలి. డబ్బాని ద్రావణంతోనే కడగాలి, కుళాయి కింద పెట్టకూడదు. శుభ్రమైన టిష్యూతో తుడిచి, మూతలు తీసి బోర్లించి ఆరనివ్వాలి, అది కూడా బాత్రూములో కాకుండా. డబ్బా మూడు నెలలకొకసారి మార్చాలి. నా దగ్గరికి వచ్చే డబ్బాల్లో కొన్నింటికి లోపల వేలు పెడితే జారుతుంది. పాచి. ఆ పాచిలో బాక్టీరియా పొర కట్టుకుని కూర్చుంటుంది, ఇక ద్రావణం దాన్ని సరిగ్గా అంటదు.

లెన్సుని అరచేతిలో పెట్టి వేలితో కాసేపు రుద్దండి, సీసా మీద 'రుద్దక్కర్లేదు' అని రాసి ఉన్నా సరే. సెలైన్ అనేది ఉప్పునీరు, అది కడగడానికే, క్రిముల్ని చంపదు. హైడ్రోజన్ పెరాక్సైడ్ రకం మంచిదే కానీ దానితో వచ్చే ప్రత్యేక డబ్బాలోనే, చెప్పిన గంటలు ఉంచాలి, ఆగకుండా కంట్లో పెట్టుకుంటే కన్ను మండిపోతుంది. నెల లెన్సు అంటే ప్యాకెట్ చించిన రోజు నుంచి నెల, ముప్పై సార్లు వాడుకోవచ్చని కాదు. ఈ ఒక్క మాట మీద నాతో గొడవపడ్డవాళ్లు ఎంతమందో.

మనవాళ్లే అశుభ్రం అనుకోనక్కర్లేదు లెండి. 2015లో అమెరికా ప్రభుత్వ సంస్థ సీడీసీ సర్వేలో లెన్సు వాడేవాళ్లలో 99 శాతానికి పైగా ఇలాంటి తప్పు కనీసం ఒక్కటైనా చేస్తున్నామని ఒప్పుకున్నారు.

పెళ్లికి కలర్ లెన్సులు పెట్టుకుంటే ఏమన్నా అవుతుందా? పవర్ లేనివే.

పవర్ లేకపోయినా అది కంటి మీద కూర్చునే వస్తువే, క్రిమికి పవర్‌తో పనిలేదు. పైగా రంగు లెన్సులు కొన్నింటికి గాలి తక్కువగా ఆడుతుంది. నాకు నిజంగా కోపం తెప్పించేది ఒకటుంది: మేకప్ వేసేవాళ్ల దగ్గర ఒకే జత, ఈ ముహూర్తానికి ఒక పెళ్లికూతురికి, వచ్చే ముహూర్తానికి ఇంకో పెళ్లికూతురికి. మధ్యలో కాస్త నీళ్లతో కడుగుతారు. ఒకరి టూత్‌బ్రష్ ఇంకొకరు వాడతారా? పెట్టుకోవాలని సరదా ఉంటే పెళ్లికి నెల ముందే కళ్లు చూపించుకుని మీ కొలతకి మీ సొంత జత కొనుక్కోండి, పెట్టుకోవడం తీయడం నేర్చుకోండి. ముందు లెన్సు, తర్వాత మేకప్. తీసేటప్పుడు ముందు లెన్సే. తలంబ్రాల బియ్యం కంట్లో పడితే ఓర్చుకోకుండా చెప్పండి, ఫొటోగ్రాఫర్ ఆగుతాడు.

నందివర్ధనం పువ్వు, చనుబాలు, తేనె... పెద్దవాళ్లు చెప్తున్నారు.

నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద చల్లగా పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, మా అమ్మమ్మ కూడా పెట్టేది. కానీ పుండు ఉన్న కంట్లో ఏ రసమూ పిండకూడదు. చనుబాలు, తేనె, ఆముదం, రోజ్ వాటర్, ఏదైనా అంతే. వాటిలో ఉన్న క్రిములు పోయి పుండులో చేరతాయి, డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిన సమయం కూడా అక్కడే వృథా అవుతుంది. పెద్దవాళ్లతో వాదించే బదులు "డాక్టర్ చూశాక పెట్టుకుంటా నాయనమ్మా" అనేయండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లే ముందు ఏం చేయాలి? అక్కడ ఏం చేస్తారు?

లెన్సు తీసేయండి, రెండు కళ్లవీ. పారేయకండి, డబ్బాతో సహా, వాడిన ద్రావణం సీసాతో సహా ఒక కవర్లో వేసి తీసుకెళ్లండి. కంటి నుంచి క్రిమి దొరకనప్పుడు డబ్బాలో దొరికిన సందర్భాలున్నాయి. కన్ను రుద్దొద్దు, గుడ్డ కట్టొద్దు, దూది పెట్టి ప్లాస్టర్ అంటించొద్దు, మూసేస్తే వెచ్చగా ఉండి క్రిమికి ఇంకా అనువు. నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి చాలు.

డాక్టర్ రంగు చుక్క వేసి నీలి వెలుగులో చూస్తారు, పుండు పచ్చగా మెరుస్తుంది. పెద్దదైనా, మధ్యలో ఉన్నా, అనుమానంగా ఉన్నా స్క్రేపింగ్ చేస్తారు. అంటే తిమ్మిరి చుక్క వేసి పుండు అంచు నుంచి చిన్న బ్లేడుతో కాస్త గీకి గాజు పలక మీద పూసి మైక్రోస్కోపు కింద చూడటం, కొంత కల్చర్‌కి, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూడటానికి, పంపడం. ఈ మాట వినగానే లేచి వెళ్లిపోయేవాళ్లు ఉన్నారు. నాకు చేశారు, నొప్పి లేదు, భయమే ఉంది. బాక్టీరియానా, బూజా, అమీబానా అనేది తేలకుండా వేసే మందు చీకట్లో రాయి విసిరినట్టే.

బాక్టీరియా అయితే మాక్సిఫ్లాక్ససిన్ లాంటి చుక్కలు, లేదా ఆసుపత్రిలోనే గాఢంగా తయారుచేసిన ఆంటిబయాటిక్ చుక్కలు ఇస్తారు. మొదటి ఒకటి రెండు రోజులు గంటకొకసారి, రాత్రిళ్లు కూడా. అలారం పెట్టుకుని మా అమ్మ లేచి వేసేది. "ఆ, పడుకున్నాడు పాపం" అని రాత్రి చుక్కలు మానేస్తే పొద్దుటికి పుండు మళ్లీ మొదటికొస్తుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగండి.

ఎక్కడికి వెళ్లాలి? నేరుగా చెన్నై వెళ్లిపోవాలా?

ముందు దగ్గర్లో స్లిట్ ల్యాంప్ ఉన్న ఏ కంటి డాక్టరైనా సరే, ఆ రోజే. నెల్లూరు, కావలి, ఒంగోలు, కందుకూరు, మార్కాపురం అన్నిచోట్లా ఉన్నారు. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో కంటి విభాగాలున్నాయి. మనవాళ్లకి ఇదొక జబ్బు, ఒంట్లో ఏం వచ్చినా "చెన్నై పోదాం" అని రెండు రోజులు టిక్కెట్లు, తోడు, డబ్బులు చూసుకుంటూ కూర్చుంటారు. ఈ రెండు రోజులే ఇక్కడ ముఖ్యం. మొదటి మందు ఇక్కడే పడాలి. కార్నియా స్పెషలిస్టు అవసరమని డాక్టర్ చెప్తే అప్పుడు నెల్లూరు వైపు వాళ్లకి చెన్నై శంకర నేత్రాలయ, తిరుపతి అరవింద్, ఒంగోలు వైపు వాళ్లకి విజయవాడ ఎల్వీ ప్రసాద్ దగ్గర. దారిలో కూడా చుక్కలు ఆపొద్దు. ఇక్కడి రిపోర్టులు, వేసిన మందుల సీసాలు అన్నీ వెంట ఉండాలి, "ఏదో తెల్ల సీసా సార్" అంటే వాళ్లకేం అర్థమవుతుంది.

రొయ్యల చెరువుల దగ్గర పని, పొగాకు బ్యారన్లు, గ్రానైట్ దుమ్ము... మాలాంటివాళ్లు లెన్సు పెట్టుకోవచ్చా?

పని వేళల్లో వద్దు. చెరువు నీళ్లు చిందుతాయి, దుమ్ము లెన్సు కిందికి దూరి గీస్తుంది. కళ్లద్దాలు, వాటి మీద రక్షణ అద్దాలు. గుంటూరు మిరపకాయలు తొడిమలు తీసిన చేత్తో లెన్సు పట్టుకున్న ఒక అక్క చెప్పిన మాటలు ఇక్కడ రాయలేను. పొగ తాగేవాళ్లకి కూడా పుండు ప్రమాదం ఎక్కువని తేలింది.

కెరటోకోనస్ (కార్నియా పలచబడి శంకువులా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు) ఉండి గట్టి లెన్సులో, తెల్లగుడ్డు మీద ఆనే పెద్ద స్క్లీరల్ లెన్సులో పెట్టుకుంటే తప్ప చూపు సరిగ్గా రానివాళ్లు వేరు. వాళ్లు మానేయాలని నేను అనను, వాళ్లు డాక్టర్‌తో కూర్చుని పని వేళలు మాట్లాడుకోవాలి.

ఇంత చెప్పారు, మరి లెన్సులు మానేయమంటారా?

నేను అమ్మేవాడిని, అలా అంటే నా షాపు ఓనరు ఊరుకోడు. నిజం చెప్పాలంటే పగలే వాడి, నీళ్లు తగలనివ్వకుండా చూసుకుంటే 10,000 మందిలో ఏడాదికి ఇద్దరి నుంచి నలుగురు అన్నది పెద్ద సంఖ్య కాదు. రోజువారీ పారేసే లెన్సులైతే డబ్బా గొడవ ఉండదు, వచ్చినా చూపు పోయేంత పుండ్లు వాటితో తక్కువ. అయితే వాటిని కడిగి రెండో రోజు పెట్టుకునే మహానుభావులున్నారు, వాళ్లకి ఈ లెక్క వర్తించదు.

పుండు మానింది గానీ కంట్లో పువ్వు పడింది. పోతుందా?

పుండు మానిన చోట మిగిలే తెల్లమచ్చనే మనవాళ్లు పువ్వు అంటారు. పక్కన ఉంటే చూపుకి పెద్ద అడ్డం కాదు, కొన్ని నెలల్లో కాస్త పలచబడుతుంది కూడా. సరిగ్గా కంటిపాపకి ఎదురుగా ఉంటే చుక్కలతో పోదు. గట్టి లెన్సుతో కొందరికి చూపు మెరుగవుతుంది, లేకపోతే కార్నియా మార్పిడి. ఆ కార్నియా ఎవరో చనిపోయినవాళ్లు ఇచ్చి ఉండాలి, పోయిన ఆరు గంటల లోపు తీసుకోవాలి.

మానాక మళ్లీ లెన్సు పెట్టుకోవచ్చా?

డాక్టర్ సరేనన్నాక, కొత్త లెన్సులు, కొత్త డబ్బా, కొత్త ద్రావణంతో. పాతవి ఏవీ ఉంచుకోవద్దు. కొందరికి డాక్టర్లు అసలు వద్దనే చెప్తారు, వినండి.

నేను ఎనిమిది నెలలు ఆగి మొదలుపెట్టా, రోజువారీవి, వారానికి రెండు మూడు రోజులే. నా పువ్వు పాప అంచుకి కాస్త ఇవతల ఉంది, పగలు తెలియదు. రాత్రి పెన్నా బ్రిడ్జి మీద ఎదురుగా లారీ వస్తే మాత్రం కుడి కంటికి దాని లైట్లు రెండు కాదు, ఒక పెద్ద తెల్లటి ముద్ద. అందుకే చీకటి పడ్డాక బండి మా తమ్ముడు నడుపుతాడు.